విన్నదొకరు, తేల్చిందొకరు

(స్మారకోపన్యాస పాఠం)



పాలనా న్యాయం పాఠం చెప్పేటప్పుడు మా గురువుగారు సూత్రంతో మొదలుపెట్టేవారు కాదు. ఎవరి ఇల్లు, ఎవరి పొలం, ఎవరి బస్సు అన్నది ముందు చెప్పేవారు. ఆ మనిషికి ఏం పోయిందో మాకు తెలిశాకే తీర్పులోకి దిగేవారు. ఆయన పేరిట మాట్లాడమన్నారు కనుక నేనూ అదే దారిలో వెళ్తాను. ఇళ్ల విషయంలో చట్టం మంత్రి చేతిలో పెట్టిన అధికారాన్ని ఆయన శాఖలోని ఉద్యోగులు వాడవచ్చా, వాడితే ఎవరి పేరుతో వాడాలి, ఇల్లు పోయినవాడికి ఎవరు జవాబు చెప్పాలి అన్నది ఈ సాయంత్రం నేను ఎత్తుకున్న విషయం. ఈ తగవు ఇంగ్లండులో వందేళ్లకు పైగా నడిచింది. మన సచివాలయాల్లో ఫైలు నడిచే తీరుకు వేళ్లు చాలావరకు అక్కడే ఉన్నాయి. అందుకని కథ అక్కడి నుంచే చెప్పాలి.

1909లో బ్రిటిష్ పార్లమెంటు గృహనిర్మాణ, పట్టణ ప్రణాళికా చట్టం చేసింది. వెనక గోడ ఒకటే పంచుకుంటూ వీపుకు వీపు ఆనించి కట్టే ఇరుకిళ్లను, అంటే వెనకవైపు కిటికీ గానీ దొడ్డి గానీ లేని కొంపలను, ఇక మీదట కట్టకూడదంది. మనుషులు ఉండటానికి పనికిరాని ఇంటిని మూసేయమని ఉత్తర్వు ఇచ్చే అధికారం స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చింది. యజమాని మరమ్మతు చేయించి ఇంటిని బాగుచేస్తే ఆ ఉత్తర్వు ఎత్తేయాలి. ఎత్తేయకపోతే లోకల్ గవర్నమెంట్ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. బహిరంగ విచారణ జరపకుండా బోర్డు ఆ అప్పీలును కొట్టేయకూడదని కూడా చట్టం స్పష్టంగా రాసింది. పేదవాళ్ల ఇళ్ల కోసం శ్రద్ధగా రాసిన చట్టమది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

ఆ బోర్డు సంగతి కొంచెం చెప్పాలి. 1871లో పుట్టింది. కాగితం మీద అందులో ఆర్థికమంత్రితో సహా పెద్ద పెద్ద మంత్రులంతా సభ్యులు. నిజానికి వాళ్లు ఒకచోట కూర్చుని సమావేశం జరుపుకున్నది లేదు. అధ్యక్షుడు అనే ఒక మంత్రి, ఆయన కింద పెద్ద ఆఫీసు, ఊళ్లు తిరిగే ఇన్‌స్పెక్టర్లు. బోర్డు నిర్ణయించింది అని ఉత్తర్వులో ఉంటుంది. ఆ నిర్ణయం ఏ గదిలో, ఏ బల్ల దగ్గర, ఎవరి కలం నుంచి వచ్చిందో చదివేవాడికి తెలియదు.

లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో ఆర్లిడ్జ్ అనే ఆయన చేతిలో ఉన్న ఒక ఇంటికి కౌన్సిల్ మూసివేత ఉత్తర్వు ఇచ్చింది. పని చేయించాను, ఉత్తర్వు ఎత్తేయండి అన్నాడు ఆర్లిడ్జ్. కౌన్సిల్ కుదరదంది. బోర్డుకు అప్పీలు చేశాడు. బోర్డు ఇన్‌స్పెక్టరును పంపింది. ఆయన బహిరంగ విచారణ జరిపారు, ఇల్లు చూశారు, రిపోర్టు రాసి పైకి పంపారు. ఆ తర్వాత అప్పీలు కొట్టేస్తున్నట్టు బోర్డు నుంచి ఉత్తర్వు వచ్చింది.

ఆర్లిడ్జ్ కోర్టుకెక్కి అడిగిన మాటలు ఇవి. నా అప్పీలు తేల్చిన మనిషి ఎవరు? ఆయన ముందు నిలబడి నా మాట చెప్పుకునే వీలు నాకెందుకు ఇవ్వలేదు? నా ఇంటి గురించి ఇన్‌స్పెక్టరు ఏం రాశారో నాకెందుకు చూపించరు?

అప్పీలు కోర్టులో మెజారిటీ న్యాయమూర్తులు ఆయన పక్షాన నిలిచారు. 1914 నవంబరులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాన్ని తిరగేసింది. అప్పటి లార్డ్ ఛాన్సలర్ హాల్డేన్ చెప్పిన కారణం గట్టిదే. శాఖకు అధిపతి అయిన మంత్రి ప్రతి పనీ తానే చేయలేడు. సమాచారం తన ఉద్యోగుల ద్వారానే తెప్పించుకుంటాడు. న్యాయంగా వ్యవహరించాలన్న నియమం ఆయనకూ ఉంది గానీ, కోర్టులు పాటించే పద్ధతినే పాటించాలని లేదు. శాఖ ఎలా పనిచేస్తుందన్న దానికి ఆయన పార్లమెంటుకు బాధ్యుడు. కాబట్టి ఫలానా అధికారి పేరు చెప్పండి, ఆయన ముందు నన్ను నిలబెట్టండి, రిపోర్టు చూపించండి అని పట్టుబట్టే హక్కు అప్పీలుదారుకు లేదు.

ఈ తీర్పును గురువుగారు మాకు రెండు ముక్కలుగా చదివించేవారు. పని పంచుకోవాల్సిందే అన్న ముక్క సరైనదనేవారు. దేశంలో ప్రతి పాడుబడ్డ ఇంటి ఫైలూ మంత్రి స్వయంగా చదవాలంటే ఒక్క ఇల్లూ బాగుపడదు. రిపోర్టు దాచవచ్చన్న రెండో ముక్కను మాత్రం ఆయన ఒప్పుకునేవారు కాదు. నేనూ ఒప్పుకోను. నా ఇంటి గోడ చెమ్మగా ఉందని ఎవరో రాశారు. నిరుడు వేయించిన సున్నం ఆయన చూడలేదేమో. వేరే గది చూసి నా గది అనుకున్నాడేమో. ఆ కాగితం నా కళ్లతో చూడకపోతే తప్పును తప్పని నేనెలా చెప్పగలను? విచారణలో నేను మాట్లాడింది ఆ కాగితంలోకి ఎక్కిందో లేదో కూడా నాకు తెలియదు. మంత్రి పార్లమెంటుకు జవాబు చెబుతాడు నిజమే. ఒక వీధిలో ఒక ఇంటి రిపోర్టులో ఒక వాక్యం తప్పు పడితే దాని మీద పార్లమెంటులో లేచి అడిగేదెవరు?

మరుసటి ఏడాదే న్యాయ పండితుడు డైసీ ఈ తీర్పు మీద లా క్వార్టర్లీ రివ్యూలో వ్యాసం రాశాడు. ఇంగ్లండుకు ఫ్రాన్సులో లాంటి పాలనా న్యాయం అక్కర్లేదని జీవితమంతా వాదించిన మనిషి, చివరి రోజుల్లో అది తన దేశంలోకి వస్తోందని గుర్తించాల్సి వచ్చింది. పదిహేనేళ్లు గడిచేసరికి ఆ గుర్తింపు కోపంగా మారింది. 1929లో లార్డ్ చీఫ్ జస్టిస్ హెవార్ట్ ‘ది న్యూ డెస్పాటిజం’ అనే పుస్తకం రాసి, శాఖల ఉద్యోగులు కోర్టులనూ పార్లమెంటునూ పక్కకు నెట్టి రాజ్యం చేస్తున్నారని దాడి చేశారు. ప్రభుత్వం డోనమోర్ కమిటీని వేసింది. 1932లో ఆ కమిటీ ఇచ్చిన నివేదికలో ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులు బయటపెట్టాలన్న సిఫార్సు ఉంది. ఆర్లిడ్జ్ అడిగింది అదే. శాఖలు దాన్ని అమలు చేయలేదు.

ఎందుకు చేయలేదో ఆలోచించాలి. హెవార్ట్ తరహా కోపానికి ఉద్యోగుల అధికారమే నచ్చలేదు. అధికారం వెనక్కి తీసుకోండి అన్నది ఆయన డిమాండు. అది జరిగే పని కాదని శాఖలకు తెలుసు. అందువల్ల ఆ కేకల్లో రిపోర్టు చూపించండి అన్న చిన్న, న్యాయమైన కోరిక కొట్టుకుపోయింది. మన దగ్గర కూడా ఇలాగే జరుగుతుంది. అధికారుల పెత్తనం అంటూ పెద్ద గొంతుతో మాట్లాడతాం. ఏ కాగితం ఎవరికి చూపించాలన్న దగ్గర ఆగి నిలబడం.

ఇక్కడ జారో ఊరి సంగతి చెప్పాలి. ఇంగ్లండు ఈశాన్యాన ఓడలు కట్టే ఊరది. 1936లో ఉపాధి కోసం లండన్ దాకా నడిచిన కార్మికుల యాత్ర వల్ల ఆ పేరు చరిత్రకెక్కింది. అంతకు ముందే అక్కడి కౌన్సిల్ 1930 గృహనిర్మాణ చట్టం కింద కొన్ని ఇళ్లు కూల్చాలని ఉత్తర్వు చేసింది. దాన్ని ఖరారు చేయాల్సింది ఆరోగ్యమంత్రి. లోకల్ గవర్నమెంట్ బోర్డును 1919లో ఎత్తేశాక ఇళ్ల బాధ్యత ఆరోగ్యశాఖకు వెళ్లింది. యజమానులు అభ్యంతరం చెప్పారు, ఇన్‌స్పెక్టరు బహిరంగ విచారణ జరిపారు. అంతవరకు అంతా పద్ధతిగానే ఉంది. విచారణ ముగిశాక మంత్రిత్వశాఖకూ కౌన్సిల్‌కూ మధ్య ఉత్తరాలు నడిచాయి. శాఖ అధికారులు కౌన్సిల్ వాళ్లతో కలిసి ఆ ఇళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి చూసి వచ్చారు. యజమానులకు కబురు లేదు. మంత్రి ఉత్తర్వును ఖరారు చేశారు. అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఇద్దరి మధ్య తగవు తీర్చాల్సినవాడు ఒకరితో కలిసి రెండోవాడికి తెలియకుండా తగవు జరిగిన చోటుకు వెళ్లకూడదన్నది తీర్పు సారం. ఆ అధికారులకు చెడ్డ బుద్ధి ఉందని ఎవరూ అనలేదు. ఇళ్లు నిజంగా పాడుబడినవే కావచ్చు. అయినా ఆ వీధిలో కౌన్సిల్ మనుషులతో కలిసి నడుస్తూ వాళ్లు విన్న ప్రతి మాటకూ జవాబు చెప్పుకునే అవకాశం యజమానులకు దక్కలేదు.

యుద్ధం వచ్చింది. 1942లో పశ్చిమ లండన్‌లోని యాక్టన్‌లో కార్ల్‌టోనా అనే ఆహార పదార్థాల కంపెనీ ఫ్యాక్టరీని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. నోటీసు మీద సంతకం ఒక అసిస్టెంట్ సెక్రటరీది. అధికారం ఉన్నది కమిషనర్స్ ఆఫ్ వర్క్స్‌కి. విచిత్రం చూడండి, ఇది కూడా ఎప్పుడూ సమావేశం కాని బోర్డే. కంపెనీ ఓడిపోయింది. 1943 తీర్పులో లార్డ్ గ్రీన్ చెప్పిన మాట నేటికీ బ్రిటన్‌లో శాఖలన్నిటికీ ఆధారం. మంత్రి అధికారాన్ని బాధ్యత గల అధికారి వాడితే అది దత్తత ఇచ్చినట్టు ఇంకొకరికి అప్పగించడం కాదు. అది మంత్రి చేసిన పనే. ఆ స్థాయికి తగని ఉద్యోగికి పెద్ద పని అప్పగిస్తే మంత్రి పార్లమెంటులో జవాబు చెప్పుకోవాలి.

ఈ సూత్రం లేకపోతే ఏ ప్రభుత్వమూ నడవదు. దాని లోటు కూడా అక్కడే ఉంది. అధికారి చేసింది మంత్రి చేసినట్టే అన్నప్పుడు అధికారి కనపడడు. మంత్రి ఆ ఫైలు చూడనే లేదు. ఇల్లు పోయినవాడు నిలదీయడానికి ఎదురుగా మనిషే ఉండడు. కొద్దిమంది మంత్రులు మాత్రం తమ ఉద్యోగుల పనికి పూర్తి బాధ్యత వహించారు. 1954లో డార్సెట్‌లోని క్రిచెల్ డౌన్ భూముల వ్యవహారంలో వ్యవసాయమంత్రి థామస్ డగ్‌డేల్ రాజీనామా చేశారు. యుద్ధానికి ముందు బాంబుల అభ్యాసానికని తీసుకున్న 725 ఎకరాలను పాత యజమానులకు తిరిగి ఇవ్వకుండా అధికారులు నడిపిన తీరు విచారణలో బయటపడింది. ఆ అలజడి తర్వాతే ఫ్రాంక్స్ కమిటీ ఏర్పడింది. 1957లో ఆ కమిటీ ఇచ్చిన నివేదిక పుణ్యాన ఇన్‌స్పెక్టర్ల రిపోర్టులు సంబంధించినవాళ్లకు ఇవ్వడం మొదలైంది. హాంప్‌స్టెడ్ ఇంటి మీద ఆర్లిడ్జ్ ఓడిపోయిన వాదన నలభై ఏళ్లకు పైగా గడిచాక పాలనా పద్ధతిగా గెలిచింది. అది ఏ కోర్టు తీర్పుతోనూ రాలేదన్నది విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో పదేళ్లకు వచ్చిన మార్పు నా దృష్టిలో అంతకంటే పెద్దది. ఇల్లు కట్టుకునేందుకు, మార్చుకునేందుకు అనుమతి నిరాకరిస్తే మంత్రికి అప్పీలు చేసుకోవాలన్నది అక్కడి పద్ధతి. అప్పీళ్లు గుట్టలుగా పేరుకుపోయాయి. 1968 చట్టంతో కొన్ని రకాల అప్పీళ్లను ఇన్‌స్పెక్టరే తన పేరుతో తేల్చే ఏర్పాటు చేశారు. క్రమంగా అది పెరిగి, ఇప్పుడు అత్యధిక అప్పీళ్లను వాళ్లే తేలుస్తున్నారు. ఇల్లు చూసింది ఆయనే, మాట విన్నది ఆయనే, కారణాలు రాసింది ఆయనే, కింద పేరూ ఆయనదే. కార్ల్‌టోనా తీర్పులో అధికారి మంత్రి నీడ. ఇక్కడ చట్టమే అతన్ని ముందుకు తెచ్చి నిలబెట్టింది. మంత్రి అధికారాన్ని ఉద్యోగులకు అప్పగించడం మంచిదా చెడ్డదా అని అడిగితే నా జవాబు ఇదే. ఇలా పేరు పెట్టి, ముఖం చూపించి అప్పగిస్తే మంచిది.

పెద్ద కేసులను మాత్రం మంత్రి తన దగ్గరికి తెప్పించుకోవచ్చు. ఇన్‌స్పెక్టరు విచారణ జరిపి సిఫార్సు చేస్తారు, మంత్రి తేలుస్తారు. అలాంటి కేసు ఒకటి 2020లో జరిగింది. తూర్పు లండన్‌లోని ఐల్ ఆఫ్ డాగ్స్‌లో వెస్ట్‌ఫెర్రీ అనే పాత ప్రింటింగ్ ప్రెస్ స్థలంలో సుమారు 1,500 ఫ్లాట్లు కట్టే ప్రతిపాదన. టవర్ హామ్‌లెట్స్ అనే పేదలు ఎక్కువగా ఉండే బరోలో ఉందది. తక్కువ ఆదాయం వాళ్లకు అందే ఇళ్లు 35 శాతం ఉండాలన్న స్థానిక లక్ష్యం ఉండగా ఇందులో ఇస్తామన్నది 21 శాతం. అనుమతి ఇవ్వవద్దని ఇన్‌స్పెక్టరు సిఫార్సు చేశారు. గృహనిర్మాణ మంత్రి రాబర్ట్ జెన్రిక్ ఆ సిఫార్సును తోసిపుచ్చి జనవరి 14న అనుమతి ఇచ్చారు. మర్నాడు స్థానిక మౌలిక వసతుల పన్ను కొత్త రేటు అమల్లోకి వచ్చింది. ఒక్క రోజు తేడాతో కట్టడందారుకు కోట్ల పౌండ్ల పన్ను తప్పింది. అంతకు కొద్ది నెలల ముందు పార్టీ నిధుల విందులో మంత్రి, ఆ కట్టడందారు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. అనుమతి వచ్చిన కొద్ది రోజులకు ఆయన మంత్రి పార్టీకి 12,000 పౌండ్లు చందా ఇచ్చారు.

కౌన్సిల్ కోర్టుకు వెళ్లింది. కాగితాలన్నీ బయటపెట్టాల్సిన దశ రాకముందే, పక్షపాతం ఉందని అనిపించేలా నిర్ణయం జరిగింది కాబట్టి అది చట్టవిరుద్ధమని మంత్రి ఒప్పుకున్నారు. నిజంగా పక్షపాతం చూపలేదన్నది ఆయన వాదన. అనుమతి రద్దయింది. జూన్‌లో పార్లమెంటు ఒత్తిడి మీద విడుదలైన కాగితాల్లో ఉద్యోగుల ఈమెయిళ్లు ఉన్నాయి. కొత్త పన్ను రాకముందే ఉత్తర్వు వెళ్లాలని మంత్రి తొందరపెడుతున్న సంగతి వాటిలో కనిపించింది. 2021లో ఆ ప్రతిపాదనను మళ్లీ పరిశీలించిన మరో మంత్రి తిరస్కరించారు.

ఈ కేసును మీ ముందు ఉంచడానికి కారణముంది. ఎన్నికైన మంత్రి చేతిలో అధికారం ఉంటే ప్రజలకు రక్షణ అని మనం సులువుగా అనేస్తాం. ఇక్కడ ఊరు తిరిగి, వాదనలు విని, పేదలకు ఎన్ని ఇళ్లు దక్కుతాయో లెక్కవేసి, వద్దన్నది ఉద్యోగి. ఆ సంగతి మనకు తెలిసింది ఆ సిఫార్సు అచ్చులో ఉండబట్టి. ఆర్లిడ్జ్ నాటి పద్ధతే ఉంటే, ఇన్‌స్పెక్టరు ఏమన్నారో కౌన్సిల్‌కు తెలిసేదే కాదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. గురువుగారు ఎవరి బస్సు అన్నది ముందు చెప్పేవారని మొదట్లో అన్నాను. అది కృష్ణా జిల్లా బస్సు. ఆ జిల్లా రూట్లను ప్రభుత్వ రవాణా సంస్థకు అప్పగించే స్కీమును 1957లో ప్రకటించారు. ప్రైవేటు ఆపరేటర్లు అభ్యంతరాలు చెప్పుకున్నారు. వాళ్ల మాట విన్నది రవాణా వ్యవహారాలు చూసే హోంశాఖ కార్యదర్శి. స్కీమును ఖరారు చేసింది ముఖ్యమంత్రి. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసుగా లా విద్యార్థులందరికీ తెలిసిన ఆ వ్యాజ్యంలో 1958 నవంబరులో సుప్రీంకోర్టు స్కీమును కొట్టేసింది. ఒకరు విని మరొకరు తేలిస్తే ఆ వినడానికి అర్థం లేదని మెజారిటీ తీర్పు రాసింది రాజమండ్రివాడైన జస్టిస్ కోకా సుబ్బారావు. ఆంధ్ర హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయన. తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రెండోసారి ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విని తేల్చారు. ఆపరేటర్లు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లి ఈసారి ఓడిపోయారు. హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆర్లిడ్జ్‌కు లేదన్న హక్కును మన బెజవాడ వైపు బస్సుల యజమానులకు మన కోర్టు ఇచ్చింది. తర్వాతి తీర్పుల్లో దీనికి మినహాయింపులు వచ్చాయి. 1970లో మద్రాసు రాష్ట్రానికి చెందిన సంజీవి నాయుడు కేసులో, రూల్స్ ఆఫ్ బిజినెస్ ప్రకారం కార్యదర్శి చేసిన పని ప్రభుత్వం చేసిన పనే అని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. పని పంచుకోండి, కానీ విన్నవాడి చేతనే తేల్పించండి.

ఏ జీవో తీసుకున్నా ‘గవర్నరు పేరిట, ఉత్తర్వు మేరకు’ అని ఉండి కింద కార్యదర్శి సంతకం ఉంటుంది. అది పైస్థాయి కాగితం. ఇంటి స్థలం కోసం, ఇంటి మంజూరు కోసం దరఖాస్తు పెట్టుకున్న మనిషి చేతికి వచ్చేది వేరు. మండల ఆఫీసు నుంచి ఒక ఎండార్స్‌మెంట్ వస్తుంది. ‘విచారణలో మీరు అనర్హులని తేలినందున మీ దరఖాస్తు తిరస్కరించడమైనది.’ ఇలాంటి కాగితాలు నేను చాలా చూశాను. విచారణకు ఎవరు వచ్చారు? ఏ రోజు వచ్చారు? తాళం వేసి ఉన్న ఇల్లు చూసి ఊళ్లో లేరని రాశారా? అన్న పేరు మీద ఉన్న పెంకుటిల్లును తమ్ముడి ఖాతాలో వేశారా? ఆ కాగితంలో ఏదీ ఉండదు. కూలికి వెళ్లిన ఆడమనిషి ఆ రోజు ఇంట్లో లేకపోవడం వల్ల సొంత ఇల్లు అనే మాటే ఆమె జీవితంలోంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

ఆర్లిడ్జ్‌కు లేని ఒక ఆయుధం ఆమెకు ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద విచారణ రిపోర్టే కాదు, నోట్ ఫైలు నకలు కూడా అడగవచ్చు. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామస్థాయి ఆఫీసులో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇది గొప్ప చట్టం. అయినా తిరస్కరించాక, అప్పీలు గడువు కరిగిపోతుండగా, తన గురించి రాసిన కాగితం కోసం ఆమె మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సిన అవసరం ఏమిటి? తిరస్కరణ ఉత్తర్వుకే విచారణ రిపోర్టు నకలు జతచేయాలి. ఇంటికి వచ్చి చూసిన ఉద్యోగి పేరు, హోదా, వచ్చిన తేదీ అందులో ఉండాలి. తేల్చిన అధికారి కారణాలతో స్పీకింగ్ ఆర్డరు రాయాలి. ఎవరికి, ఎన్ని రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలో తెలుగులో ఉండాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు. మంత్రి తన అధికారాన్ని కలెక్టరుకు, కలెక్టరు తహసీల్దారుకు ఇచ్చే ప్రతి ఉత్తర్వులో ఈ నాలుగు వాక్యాలు చేర్చమని నేను అడుగుతున్నాను. ఈ సభలో గృహనిర్మాణ శాఖలో పనిచేసిన అధికారులు ఉన్నారు. వాళ్లనూ అడుగుతున్నాను.

గురువుగారి కుటుంబం ఆయన పేరిట ఒక చిన్న నిధి ఏర్పాటు చేస్తామంటున్నారు. బంగారు పతకాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. ఆ డబ్బుతో లీగల్ ఎయిడ్ క్లినిక్ విద్యార్థులను నెలకోసారి మండలాలకు పంపిస్తే, ఆ ఎండార్స్‌మెంట్లు తెచ్చుకుని వచ్చేవాళ్లకు నోట్ ఫైలు తెప్పించి, అప్పీలు రాసిపెట్టే పని వాళ్లకు దొరుకుతుంది. మొదటి జట్టుకు తోడుగా నేను వస్తాను.